ఐపాడ్ పెట్టగానే ‘ఫార్మాట్’ అడిగితే ఏం చెయ్యాలి?

తగరపువలస నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు ఐపాడ్ క్లాసిక్ సంగతి చూద్దాం. ఆపిల్ దీన్ని 2014లోనే ఆపేసింది. కానీ చాలామంది బీరువాల్లో ఇంకా ఉంది.

మొన్న ఒక మాస్టారు తన ఐపాడ్ తెచ్చారు. క్యాసెట్ నుంచి ఎక్కించిన వాళ్ల నాన్నగారి హరికథ అందులో ఉంది. ఆ క్యాసెట్ ఇప్పుడు లేదు. కంప్యూటర్‌కి పెట్టగానే విండోస్ ‘ఫార్మాట్ చెయ్యాలా?’ అని అడిగింది. ఇక్కడే జాగ్రత్త! ఫార్మాట్ నొక్కొద్దు. ఐట్యూన్స్ రిస్టోర్ అడిగినా వద్దనండి. రికార్డింగు పోయిందని కాదు దానర్థం. మ్యాక్‌లో సిద్ధం చేసిన ఐపాడ్‌ని విండోస్ మామూలుగా చదవలేదు. మ్యాక్‌కి పెట్టాం, హరికథ దొరికింది.

అసలేమీ కనిపించకపోతే ముందు కేబుల్ మార్చండి. కొన్ని కేబుళ్లలో ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. అప్పటికీ రాకపోతే డిస్క్ మోడ్. మెనూ, మధ్య బటన్ కలిపి ఆపిల్ గుర్తు వచ్చేదాకా నొక్కండి. వెంటనే మధ్య బటన్, ప్లే బటన్ కలిపి పట్టుకోండి. ఇప్పుడు డివైస్ మేనేజర్‌లో డిస్క్ డ్రైవ్స్ కింద ఐపాడ్ పేరు వచ్చిందా? కంప్యూటర్ గుర్తించినట్టే.

పాటలు ‘ఐపాడ్ కంట్రోల్’ అనే దాచిన ఫోల్డర్లో, మ్యూజిక్ లోపల ఉంటాయి. ఫైళ్లకి నాలుగక్షరాల వింత పేర్లుంటాయి, కంగారు పడకండి. పాట వివరాలు సాధారణంగా ఫైల్ లోపలే ఉంటాయి. మొత్తం కాపీ చేసుకోండి.

ఒక్క మాట. లోపల ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్. టక్‌టక్‌మని శబ్దం వస్తుంటే మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి, డేటా తీసేవాళ్లకి చూపించండి. దొరికింది రెండు చోట్ల దాచుకోండి. ఉంటాను మరి.