కాన్పుల గదిలో నియమములు - నర్సుల వివేచన
(ప్రసంగ పాఠము)



నర్సు వృత్తిలో ఉన్నవారు లేని సంఘము మనలో అరుదు. మన కూతురో, కోడలో, పినతల్లియో ఏదో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసినవారే. కనుక నేడు నేను చెప్పబోవు సంగతి డాక్టర్లకే గాని మనకు కాదని తలంచవద్దని మనవి.

ఏ రోగికి ఎప్పుడు ఏమి చేయవలెనో తెలుపు వ్రాతపూర్వకమైన సూచనలు ఆసుపత్రులలో ఉండును. వీటిని గైడ్‌లైన్స్ అందురు. పూర్వము నర్సు పని డాక్టరుగారు చెప్పినది తప్పక చేయుట. ఇప్పుడు పై చదువులు చదివి, రోగిని తామే పరీక్షించి, కొన్ని నిర్ణయములు తామే చేయు నర్సులు వచ్చినారు. అమెరికాలోని కొలరాడోలో 1965లో ఇట్టి శిక్షణ మొదలైనది. తెలంగాణ ప్రభుత్వము 2017లో కాన్పుల కొరకు నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ శిక్షణ ఆరంభించినది. 2018లో భారత ప్రభుత్వము దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల విధివిధానములను వెలువరించినది. నిర్ణయించు హక్కు చేతికి వచ్చినప్పుడు, తాను అనుసరించు నియమము ఎంత గట్టిదో తూచి చూచు బాధ్యత కూడ వెంట వచ్చును.

ఒక్క ఉదాహరణ చెప్పెదను. నొప్పులు పడుచున్న తల్లికి గర్భాశయ ద్వారము 10 సెంటీమీటర్ల వరకు తెరచుకొనవలెను. న్యూయార్కులో ఫ్రీడ్‌మన్ అను డాక్టరు 1955లో 500 మంది తొలిచూలు స్త్రీల కాన్పులను గీతలుగా గీసి చూపెను. 1972లో నాటి రొడీషియాలో ఫిల్‌పాట్, కాసిల్ అను ఇద్దరు డాక్టర్లు గంటకొక సెంటీమీటరు చొప్పున ఒక హెచ్చరిక గీతను చేర్చిరి. తల్లి ఆ గీతను దాటి వెనుకబడిన యెడల పెద్ద ఆసుపత్రికి పంపవలెనని వారి ఉద్దేశము. దూరపు పల్లెలలో రోజుల తరబడి నొప్పులు పడుచుండిన తల్లులకు ఇది మేలే చేసినది. 1990 ప్రాంతమున ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియాలో జరిపిన పరిశీలనలో కూడ ఈ పటము వాడినచోట దీర్ఘ ప్రసవములు తగ్గినవి.

కాని కాలక్రమమున హెచ్చరిక ఆజ్ఞగా మారినది. గంటకొక సెంటీమీటరు కాలేదా, సెలైనులో మందు ఎక్కించుట, లేదా పెద్ద ఆపరేషన్. తరువాత నైజీరియా, ఉగాండాలలో 13 ఆసుపత్రులలో ఐదు వేలకు పైబడిన తల్లులను గమనించగా, అనేకులకు 5 సెంటీమీటర్లు వచ్చువరకు అంతకంటె నెమ్మదిగానే సాగి, కాన్పు క్షేమముగా జరిగినట్లు 2018లో తేలినది. ఆ సంవత్సరమే ప్రపంచ ఆరోగ్య సంస్థ, గంటకొక సెంటీమీటరు కాలేదను ఒక్క కారణముచేత జోక్యము చేసికొనవద్దని సూచించినది. తల్లి స్థితి, బిడ్డ గుండె కొట్టుకొనుట, మొత్తము పట్టిన కాలము, ఇవన్నియు కలిపి చూడవలెను.

ఇది మన ఇండ్ల సంగతి కాదా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము సిజేరియన్ కాన్పులు దేశములో నూటికి 21.5, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. దీనికి కారణములు అనేకము. నేరమంతయు ఆ గీతపై మోపుట న్యాయము కాదు. అయినను, తొందరపెట్టు నియమము చెంతనున్నప్పుడు ఓపిక పట్టుట కష్టము.

అయితే నియమమును తూచుట ఎట్లు? ఇందుకు అగ్రీ-2 అను కొలమానము 2010లో వచ్చినది. అందు ఆరు భాగములలో 23 అంశములున్నవి. ఒక్కొక్కదానికి 1 నుండి 7 వరకు మార్కులు. కనీసము ఇద్దరు, వీలైన నలుగురు, ఎవరికి వారే మార్కులు వేయవలెను. సామాన్య భాషలో అవి ఆరు ప్రశ్నలు. ఈ నియమము ఏ రోగుల కొరకు? వ్రాసినవారిలో నర్సులు ఉన్నారా, రోగుల అభిప్రాయము అడిగినారా? ఆధారములను వెదకి, బలము చూచి వ్రాసినారా? చెప్పినది స్పష్టముగా ఉన్నదా? మన ఆసుపత్రిలో జరుపుటకు వీలగునా? డబ్బిచ్చినవారి ప్రయోజనము అందులో చొరబడినదా?

ఒక జాగ్రత్త. ఈ మార్కులు నియమమును ఎట్లు తయారు చేసిరో చెప్పును గాని, మంచము మీదనున్న ఈ తల్లికి తగునో లేదో చెప్పవు. అది నర్సు కన్ను, చేయి, అనుభవము చెప్పవలసినది. అట్లని ప్రతివారు తమకు తోచినట్లు చేయుట కూడ ప్రమాదమే. నియమమును వదలిన నర్సు ఎందుకు వదలినదో కేసు షీటులో వ్రాయవలెను, డాక్టరుతో మాటలాడవలెను.

ఇక మన వంతు. ఆసుపత్రుల కమిటీలలో ఉన్న పెద్దలారా, నియమములు నిర్ణయించు బల్ల దగ్గర సీనియర్ నర్సుకు కుర్చీ వేయుడి. ముప్పది మంది రోగులకు ఒక్క నర్సును పెట్టి, ఆలోచించి పని చేయుమనుట అన్యాయము. ప్రసవ సమయమున తల్లికి నచ్చిన తోడు ఉండవలెనని 2018 సూచనలలోనే ఉన్నది. మంచముల నడుమ తెర లేనిచోట అత్తయైనను తల్లియైనను ఎట్లు నిలువగలదు? ఆ తెర కుట్టించుటకు గొప్ప నిధులు అక్కరలేదు. తల్లులారా, మీ అమ్మాయికి ఆపరేషన్ అన్నప్పుడు భయపడక, కోపగించక, "ఎందుకమ్మా, బిడ్డ ఎట్లున్నది?" అని అడుగుడి. బిడ్డకు అపాయమున్నదని చెప్పిన యెడల క్షణము ఆలస్యము చేయక ఒప్పుకొనుడి.

మంచి నియమము తల్లికి కావలి వంటిది. ఆ కావలి మెలకువగా ఉన్నదో లేదో చూచువారు మన నర్సులు. వారికి చదువుకొను సమయమును, అడుగు ధైర్యమును మనము కల్పించవలెను.