ఈతపోటీలలో తెరవెనుక పెద్దలు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



ఈతపోటీలలో బహుమతులందుకొనిన బాలబాలికలను మీరందరు కరతాళధ్వనులతో అభినందించితిరి. చాల సంతోషము. సంఘమువారు నాకప్పగించిన పని వేరు. ఒక్కమారైనను నీటిలో దిగక, పతకము నాశింపక, తెల్లవారుజామునుండి కొలనుగట్టున నిలిచి పనిచేసిన కొందరిని నేడు మనము సన్మానించుచున్నాము. వారు చేయు పని యేమో ముందుగా తెలిసికొనుట న్యాయము. తెలియక చేసిన సన్మానము శాలువా ఖర్చు మాత్రమే గదా!

చూచువారికి ఈతపందెము ఒకటి రెండు నిమిషముల వేడుక. దానికి ముందు రిఫరీ పొట్టి ఈలలు వరుసగా ఊదును. పిల్లలు పైవస్త్రములు తీసి సిద్ధపడుదురు. దీర్ఘముగా ఈల ఊదగానే దిమ్మెల నెక్కుదురు. పిమ్మట స్టార్టరు ‘టేక్ యువర్ మార్క్స్’ అని పలికి, అందరును కదలక నిలిచిన పిదపనే సంకేతము నిచ్చును. ఒక్క పిల్లవాడు తూలుచున్నను ఆగవలసినదే. ఒలింపిక్ క్రీడలలో సహితము ఈ మాటను ఆంగ్లముననే పలుకవలెనని నియమము. ఇంట తెలుగు మాటలాడు బిడ్డకును, తమిళము మాటలాడు బిడ్డకును దిమ్మెపై వినవచ్చు మాట యొక్కటే.

ఇక టైమ్‌కీపర్ల సంగతి. చేతి స్టాప్‌వాచీలతో కాలము లెక్కించునపుడు ఒక్కొక్క వరుసకు ముగ్గురుందురు. రెండు వాచీలు ఏకీభవించినచో అదియే కాలము. మూడును వేరైనచో నడిమిది. ఇందు మన తరగతులలో బోధించు భౌతికశాస్త్రము కూడ కలదు. శబ్దము సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును. స్టార్టరు 50 మీటర్ల దూరమున ఆవలిగట్టున నున్నపుడు, చప్పుడు విని మీట నొక్కువాడు సెకండులో ఏడవవంతు ఆలస్యము చేయును. ఆ మేరకు బిడ్డకు లేని వేగము వచ్చును. కావున చెవిని నమ్మక, దీపపు మెరుపునో పొగనో చూచి నొక్కవలెను.

ఈ పని ఎంత సున్నితమో 1960 రోము ఒలింపిక్ క్రీడలలో లోకమునకు తెలిసినది. 100 మీటర్ల ఫ్రీస్టైల్ పందెమున ఆస్ట్రేలియాకు చెందిన జాన్ డెవిట్, అమెరికాకు చెందిన లాన్స్ లార్సన్ దాదాపు ఒకేసారి గోడను తాకిరి. డెవిట్ వరుసలోని మూడు వాచీలును 55.2 సెకండ్లు చూపినవి. లార్సన్ వరుసలో 55.0, 55.1, 55.1. అయినను ఆనాడు స్థానములను నిర్ణయించినది వాచీలు కావు, కండ్లు. న్యాయనిర్ణేతలలో భేదాభిప్రాయము కలిగెను. ముఖ్య న్యాయనిర్ణేత స్వర్ణపతకమును డెవిట్‌కు నిర్ణయించెను, ఇరువురికిని 55.2 అనియే నమోదు చేసిరి. ఆ వివాదమును నేటికిని చెప్పుకొందురు.

1967 లో విన్నిపెగ్ నగరపు పాన్ అమెరికన్ క్రీడలలోను, మరుసటి యేట మెక్సికో ఒలింపిక్సులోను గోడకు స్పర్శఫలకములు వచ్చినవి. 1972 మ్యూనిక్‌లో 400 మీటర్ల మెడ్లీ పందెమున గున్నార్ లార్సన్, టిమ్ మెకీని గెలిచినది సెకండులో వేయింట రెండు వంతుల తేడాతో. అనగా మూడు మిల్లీమీటర్ల ఈత! కొలను గోడలనే అంత ఖచ్చితముగ కట్టలేము. అందుచే వేయింటి లెక్కను విడిచి, నూరింట సమానమైనవారిని సమానులుగనే ప్రకటించుచున్నారు. నా మట్టుకు అది మంచి తీర్పు.

యంత్రము వచ్చిన పిదప మనుష్యులెందులకని అడుగవచ్చును. చేయి తాకినదని ఫలకమునకు తెలియును. ఒక చేయియో, రెండు చేతులో దానికి తెలియదు.

నిరుడు పాఠశాలల పోటీలో మన బాలిక ఒకతె బ్రెస్ట్‌స్ట్రోక్‌లో అందరికంటె ముందు వచ్చినది. మలుపువద్ద రెండు చేతులు ఒకేసారి గోడను తాకవలెను. ఆమె ఒక చేయి ముందు తాకెను. మలుపు పరీక్షకులు చేయి యెత్తిరి, బహుమతి పోయినది. ‘మనది తెలుగు బడి గనుక ఇట్లు చేసినారు’ అని మనలో కొందరనిరి. నేను ఆ గట్టుననే యుంటిని. నాకును ఒక చేయియే ముందు కనబడినది. ఆ పరీక్షకులు తమిళులు, ఉద్యోగవిరమణ చేసిన పెద్దలు. పోటీలు ముగిసిన పిదప ఇంటికి పోక, ఆ బాలికను పిలిచి గోడవద్ద మలుపు ఎట్లు తిరుగవలెనో చీకటిపడువరకు చూపిరి. (భాష అడ్డురాలేదు, మన పిల్లలకు తమిళము మనకంటె బాగుగ వచ్చును.) ఈ యేడు ఆమె అదే పందెమున మూడవదిగ వచ్చినది. అదే గోడవద్ద నిలిచినవారు ఆయనయే.

కొలను పనివాని మాట కూడ చెప్పవలెను. సూర్యోదయమునకు ముందే నీటిలో క్లోరిను పరీక్షించును. గోడకు 5 మీటర్ల దూరమున జెండాల తాడు కట్టును. వెల్లకిల ఈదు బిడ్డకు గోడ కనబడదు. జెండాలను చూచి బారలు లెక్కించును. ఆ తాడు లేనినాడు తల గోడకు తగులును. ప్రాణరక్షకుని పనియు అట్టిదే: ఏమియు జరుగకున్న ఆయన బాగుగ పనిచేసినట్లు. ఎవరు గమనింతురు?

అమెరికా ఉన్నత పాఠశాలల సమాఖ్యవారు 1982 లో నెలకొల్పిన కీర్తిమందిరమున క్రీడాకారులతో పాటు శిక్షకులకు, క్రీడాధికారులకు కూడ స్థానము కలదు. మనకు మందిరము లేదు. ఈ వేదిక, నాలుగు శాలువాలు కలవు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆరు వరుసల కొలనునకు పదునెనిమిది మంది టైమ్‌కీపర్లు కావలెను, మనకున్నది పదునొకండుగురు. వచ్చు ఆదివారములందు ఉదయము వ్యాయామోపాధ్యాయులు నేర్పెదరు. తల్లులును రావచ్చును. నియమమొక్కటే: తన బిడ్డ ఈదు వరుసకు ఎవరును వాచీ పట్టరాదు. పేర్లు కార్యాలయమున ఇవ్వవలెను.

ఇప్పుడు మొట్టమొదట కొలను పనివారిని వేదికపైకి రావలసినదిగా కోరుచున్నాను. ఆయన వెనుక వరుసలో నిలిచియున్నారు. దయచేసి దారి యిండు.