కోతి భయాన్ని కొలిస్తే రైతుకేం వస్తుంది?

(మండల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పేడ చూసి పశువు ఆరోగ్యం చెప్పడం మనకు కొత్త కాదు. పలచబడితే ఒక మాట, గట్టిపడితే ఒక మాట, జిగురు కనబడితే ఒక మాట మన పెద్దలు చెప్పేవాళ్లు. ఇవాళ మేం చెప్పబోయేది అలాంటి విద్య గురించే. కోతి మలాన్ని పరీక్షించి, ఆ కోతి ఎంత ఒత్తిడిలో ఉందో లెక్కగట్టే పద్ధతి ఒకటుంది.

ఈ మాట మొదట విన్నప్పుడు మేమూ నవ్వాం. పగలు కోతులకు, రాత్రి అడవిపందులకు కాపలా కాసే మన బాధను కొలిచేవాడు లేడు గానీ కోతి బాధను కొలుస్తారా అనుకున్నాం. వివరం తెలుసుకున్నాక ఇది మనకూ పనికొచ్చే కొలతేనని అర్థమైంది.

జంతువు భయపడినా, ఆకలితో ఉన్నా, కొట్లాడినా మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. రక్తం తీసి దాన్ని కొలవొచ్చు. కానీ కోతిని పట్టి, సూది గుచ్చేసరికే కార్టిసాల్ పెరిగిపోతుంది. అప్పుడు కొలిచింది మనం పెట్టిన భయాన్నే అవుతుంది. అందుకని శాస్త్రజ్ఞులు వేరే దారి పట్టారు. కార్టిసాల్ కాలేయంలో విరిగి, పిత్తంతో పేగుల్లోకి చేరి, మలంలో బయటికొస్తుంది. మంద వెనకే దూరంగా నడిచి, ఏ కోతి మలమో గుర్తుపెట్టుకుని, తాజాగా ఉన్నప్పుడే ఎత్తి, చల్లగా భద్రపరచి ప్రయోగశాలకు పంపుతారు. కోతిని ముట్టుకునే పనే లేదు. రక్తం ఆ నిమిషం సంగతి చెబుతుంది. మలం అంతకు ముందు గడిచిన చాలా గంటల సంగతి కలిపి చెబుతుంది.

ఇదంతా విదేశాల ముచ్చట కాదు. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల ఉంది. కన్హా, బాంధవ్‌గఢ్ అడవుల్లో పులుల మలాన్ని అక్కడి శాస్త్రజ్ఞులు పరీక్షించి, పర్యాటకులు తిరిగే కాలంలో పులుల ఒత్తిడి హార్మోన్లు పెరుగుతున్నాయని 2019లో ప్రకటించారు. అంటే ఈ విద్య మన రాజధానిలోనే ఉంది. మన చేలమీద పడే కోతుల విషయంలో దాన్ని వాడమని అడగాల్సింది మనం.

ఈ కొలతతో ఇప్పటిదాకా తేలినవాటిలో మనకు సంబంధించినవి మూడు చెబుతాం.

మొరాకోలో పర్యాటకులు వచ్చే అడవిలో బార్బరీ కోతుల మీద చేసిన పరిశోధన 2011లో వచ్చింది. మగకోతుల ఒత్తిడి హార్మోన్లకు మనుషులు ఎంతమంది వచ్చారన్నదానితో సంబంధం కనబడలేదు. మనుషులతో గొడవపడిన సందర్భాలు ఎక్కువైనచోటే హార్మోన్లూ ఎక్కువున్నాయి.

బోట్స్వానాలోని ఒకవాంగో ప్రాంతపు బబూన్ కోతుల మీద 2006లో ఇంకొకటి వచ్చింది. దగ్గరి బంధువును క్రూరమృగం ఎత్తుకుపోతే ఆడకోతులకు ఈ హార్మోన్లు పెరిగాయి. అవి మందలో కొత్త తోడు వెతుక్కుని, ఒకదాని ఒళ్లు ఒకటి చూసుకుంటూ, రెండు నెలల్లోపు మామూలు స్థితికి వచ్చాయి. కోతికి మంద అంటే అంత ముఖ్యం.

మూడోది ఏనుగులది. బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్లు కర్ణాటకలో పంటలమీద పడే ఏనుగులను, అడవిలో ఉండే ఏనుగులను పోల్చారు. పంట తినేవాటిలోనే ఒత్తిడి హార్మోన్లు తక్కువున్నాయి. మంచి మేత దొరకడమే కారణం కావచ్చని వాళ్ల అభిప్రాయం. ఏనుగు సంగతి కోతికి అట్లనే వర్తిస్తుందని మేం అనం. కానీ మన కోతుల విషయంలోనూ ఇది తేల్చుకోవాలి. డప్పు కొట్టి, టపాకాయ కాల్చి తరిమే భయం కంటే మన మక్కకంకి ఇచ్చే బలమే ఎక్కువైతే, ఎన్నాళ్లు తరిమినా మళ్లీ వస్తాయి.

మా ఊళ్లో ఇంటికింత చందా వేసుకుని కోతులు పట్టేవాళ్లను పిలిపించాం. బోన్లలో చిక్కిన వాటిని దూరపు అడవిలో వదిలామన్నారు. ఏ ఊరి పక్కన వదిలారో చెప్పలేదు. సగం మంద మిగిలింది, తర్వాతి పంటకు ఇంకో మంద వచ్చి చేరింది. మన బెడద ఇంకో రైతు నెత్తిన పెట్టి, మన పైసలు పోగొట్టుకున్నాం. చెదిరిన మంద ఏమైందో చూసినవాడు లేడు.

నిర్మల్ జిల్లాలో 2020లో కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే కేంద్రం తెరిచారు. ఆపరేషన్ చేసి వదిలిన కోతి కుదుటపడిందా, మందలో కలిసిందా అన్నది ఈ కొలతతో పాటు దాని నడతను గమనిస్తే తెలుస్తుంది. ఒక్కటి మాత్రం మరవొద్దు. చూలుతో ఉన్నా, ఆకలిగా ఉన్నా, తిండి మారినా ఈ లెక్క మారుతుంది. ఒక్కసారి కొలిచి తీర్పు చెప్పకూడదు. ఒకే మందను పనికి ముందు, పని జరిగేటప్పుడు, తర్వాత కొలవాలి.

అందుకని మన సంఘం తరఫున నాలుగు అడుగుతున్నాం. కోతులను పట్టి తరలించే ప్రతి పనికి ముందూ వెనకా ఈ పరీక్ష చేయాలి, ఎక్కడ వదిలారో ఆ గ్రామ పంచాయతీకి రాసివ్వాలి. సోలార్ కంచె గానీ, చప్పుళ్లు గానీ, ఏ ఉపాయానికి ప్రభుత్వ సొమ్ము పెట్టినా పంట ఎంత మిగిలింది, కోతుల మీద ఏం ప్రభావం పడింది అన్న రెండు లెక్కలూ బయటపెట్టాలి. అడవుల్లో మేడి, మర్రి, నేరేడు, తునికి లాంటి పండ్ల చెట్లు పెంచాలి. ఇవన్నీ జరిగేదాకా, కోతులు పాడుచేసిన పంటకు పరిహారం ఇవ్వాలి.

మన వంతు పని కూడా ఉంది. ప్రతి గ్రామ కమిటీ ఒక నోటుపుస్తకం పెట్టాలి. ఏ తేదీన, ఏ చేనులో, ఎన్ని కోతులు, ఎంత పంట పోయింది అన్నది అదేరోజు రాయాలి. వాళ్లు కోతి సంగతి కొలిచినరోజు, పక్కన పెట్టడానికి రైతు నష్టం లెక్క మన చేతిలో ఉండాలి. లేకపోతే కోతి కాగితం ఒక్కటే ఆఫీసుకు చేరుతుంది. పుస్తకాలు వచ్చే నెల సమావేశానికి తీసుకురండి.

రైతుల ఐక్యత వర్ధిల్లాలి. సెలవు.