పాత ఆట కొనేముందు

నాణెం వేస్తే మొదలయ్యే ఆర్కేడ్ వీడియో గేమ్ యంత్రాలు గుర్తున్నాయా? 1978లో జపాన్‌లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ అలాంటిదే. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు జోరందుకుంటారు. ఎందుకంటారా? గీయాల్సిన బొమ్మలు తగ్గి, యంత్రానికి పని తేలికయ్యేది. అదే ఆటకు ఊపు!

ఆ ఆర్కేడ్ సరదా ఇంట్లోనూ కావాలని చాలామంది జపాన్ నుంచి ఆటలు తెప్పించుకునేవారు. కొన్ని అక్కడ మాత్రమే దొరికేవి మరి. సెగా సాటర్న్ అనే ఇంటి గేమ్ కన్సోల్ కోసం చేసిన ఎక్స్‌మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్ అలాంటిదే. అదనపు మెమరీ కార్ట్రిడ్జ్ తోడుగా, దాదాపు ఆర్కేడ్‌లో ఆడినట్టే ఉండేది.

అయితే ఒక చిక్కుంది. ఒక దేశపు ఆట మరో దేశపు కన్సోల్‌లో నడవకపోవచ్చు. దీన్నే రీజియన్ లాక్ అంటారు. అమెరికా సూపర్ నింటెండోలో, ఆట ఉండే కార్ట్రిడ్జ్ పెట్టేచోట రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు అడ్డుండేవి. జపాన్ కార్ట్రిడ్జ్ లోపలికి దిగేదే కాదు!

కన్సోలే తెప్పిస్తే కరెంటూ చూసుకోవాలి. జపాన్‌లో 100 వోల్టులు, మన దగ్గర 230. నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోవచ్చు.

అందుకే కొనేముందు మూడు అడగండి. ఏ రీజియన్? ఆట ఏ భాషలో ఉంది, మీకు అర్థమవుతుందా? ఎన్ని వోల్టులు? మళ్లీ చెబుతున్నాను: రీజియన్, భాష, వోల్టేజీ. ఈ మూడూ తేలాకే డబ్బు కట్టండి.