కత్తి ముంచి చూడలేదా?
(అమీర్‌పేటలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మొన్న మా మనుమడు ఫ్రాన్సు నుండి వస్తూ పంజగుట్టలోని మా ఇంటికి ఒక ఎర్ర వైన్ సీసా తెచ్చాడు. డాక్టరుగారు వద్దన్నారు గనుక పేరు మాత్రం చదివాను: డుక్రు బోకయూ. బోర్డో ప్రాంతంలో సెయింట్ జూలియన్ గ్రామపు ఎస్టేటు. 1855 నాటి వర్గీకరణలో రెండవ శ్రేణి పొందింది.

1882లో ఆ గ్రామపు తోటల పక్కగా వెళుతూ మియార్డే అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు ఒక వింత గమనించారు. బూజు తెగులుతో తోటలన్నీ ఆకులు రాల్చగా, దారి పక్క తీగలు మాత్రం పచ్చగా ఉన్నాయి. దొంగలు కోయకుండా వాటికి మైలుతుత్తం, సున్నం కలిపి చల్లారట! ఆ ఎస్టేటు యజమానికి చెందిన తోటల్లోనే పరీక్షలు జరిపి, 1885లో ఆయన ప్రకటించినదే మన రైతులెరిగిన బోర్డో మిశ్రమం.

హైదరాబాదు చుట్టూ అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలున్న రోజుల్లో నేను రైతులకు సలహాలిచ్చే ఉద్యోగిని. ఒకసారి తొందరలో సున్నం తక్కువగా కలిపించాను. ఆకులు మాడిపోయాయి. ఆ రైతు పల్లెత్తు మాట అనలేదు. "అయ్యా, కత్తి ముంచి చూడలేదాండీ?" అన్నాడంతే. మెరిసే ఇనుప కత్తిని మందులో ముంచితే ఎర్రగా రాగి పూత పట్టిందా, సున్నం చాలలేదన్నమాట. పుస్తకంలో చదివిన నేను మరిచాను, ఆయన మరవలేదు.

ఆ తోట ఇప్పుడు కాలనీ అయింది. ఆయనకు ఆనాడు నేను క్షమాపణ చెప్పలేదు. ఈ సభాముఖంగా చెప్పుకుంటున్నాను.

సెలవు.