నేత్రరక్షణ విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమున బీరువాలు గలవు. బీరువాలలో గ్రంథములు గలవు. వానిని చదువుటకు కన్నులు గావలెను. నలువది యేండ్లు దాటిన పిమ్మట పాఠకులెందఱో పుస్తకమును క్రమక్రమముగ చేయిచాపు దూరమునకు జరుపుచు, తుదకు చదువుటయే మానివేయుదురు. వయస్సు వచ్చినది, చూపు పోయినదని సమాధానపడుదురు. చూపు ఎక్కడికిని పోలేదు. అది చత్వారము. కంటిలోని కటకము బిరుసెక్కి, దగ్గఱి వస్తువునకు దగినట్లు మాఱజాలకుండుటయే దానికి కారణము. తగిన కళ్ళజోడొక్కటి దానికి చాలును. నాలుగు మాటలలో చెప్పదగిన యీ సంగతి తెలియక ఇరువది యేండ్ల చదువు పోగొట్టుకొనుట ఎంత నష్టము! కావున ఈ శుభవేళ నేత్రరక్షణ విద్యను గూర్చి ప్రస్తావించుట అసందర్భము గాదు.

ఈ విద్య ఈ దేశమునకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహితలోని ఉత్తరతంత్రము నేత్రరోగములతోనే ఆరంభమగును. ఆ మహర్షి 76 నేత్రరోగములను లెక్కించెను; శలాకతో చేయు చికిత్సను గూడ వర్ణించెను. పాశ్చాత్య దేశములందు 1851లో హెల్మ్‌హోల్ట్‌జ్ కంటి లోపలి భాగమును చూచు సాధనమును నిర్మించెను. 1862లో హాలెండు దేశీయుడైన స్నెల్లెన్ దృష్టిని కొలుచు అక్షరపట్టికను వెలువరించెను. 1949లో ఇంగ్లండున హెరాల్డ్ రిడ్లీ శుక్లము తీసిన కంటిలో కృత్రిమ కటకమును అమర్చెను.

భారత ప్రభుత్వము 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమమును ప్రారంభించినది. ఆ సంవత్సరముననే డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు మదురలో 11 పడకలతో అరవింద నేత్రవైద్యశాలను స్థాపించిరి. 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారి కృషివలన హైదరాబాదున ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య విజ్ఞాన సంస్థ వెలసెను. గ్రామీణ యువతీ యువకులకు ఒక సంవత్సరము శిక్షణ నొసంగి, వారిచేత పల్లెలకు చేరువనున్న కేంద్రములలో కన్నులను పరీక్షింపజేసి, అవసరమైనవారిని పై వైద్యశాలకు పంపు పద్ధతి ఆ సంస్థ నెలకొల్పినది. తెలంగాణమున 2018లోను, ఆంధ్రప్రదేశమున 2019లోను ‘కంటివెలుగు’ పేరిట ప్రభుత్వములు ఉచిత పరీక్షలు జరిపించినవి. సాధనములు గలవు, వైద్యులు గలరు. వారి యొద్దకు సకాలమున చేర్చు జ్ఞానము ఇంటింటను ఉండవలెను.

ముందుగ ఎవరెవరో తెలిసికొనవలెను. రోగమునకు మందిచ్చి శస్త్రచికిత్స చేయువాడు నేత్రవైద్యుడు. దృష్టిని కొలిచి అద్దముల నంబరు నిర్ణయించి, రోగచిహ్నములను గుర్తించువాడు ఆప్టోమెట్రిస్టు. ఆ నంబరు ననుసరించి కళ్ళజోడు అమర్చువాడు ఆప్టీషియను. ముగ్గురును అవసరమైనవారే, ఒకరి పని మఱొకరు చేయబూనినపుడే చిక్కు. 2021లో పార్లమెంటు చేసిన చట్టముచే ఆప్టోమెట్రిస్టుల వృత్తికి జాతీయస్థాయి నియమములు ఏర్పడుటకు మార్గము కలిగినది.

ఆప్టోమెట్రీ విద్యార్థికి తొలుదొలుత నేర్పవలసినది తన హద్దు. ‘ఇది నా చేతిలోనిది కాదు, వైద్యునొద్దకు వెళ్ళుము’ అని చెప్పగలుగుటయు విద్యలో భాగమే. పరీక్షించు చోటనే కళ్ళజోళ్ళు అమ్ముట పరిపాటి యైనపుడు, నంబరు మాఱనిచో పాత అద్దములే చాలునని చెప్పు ధైర్యమును గూడ గురువు నేర్పవలెను. జమ చూపి ఖర్చు దాచిన లెక్క లెక్క కానట్లే, మేలు చెప్పి పరిమితి దాచిన బోధ బోధ కాజాలదు. అట్లే ఆ విద్యార్థి తాను చదివిన దానిని రైతుకూలీకి తేటతెలుగున విప్పి చెప్పలేకపోయినచో, ఆ చదువు సగమే.

ఇక ప్రజలు తెలిసికొనవలసినవి. శుక్లమును కరగించు చుక్కలమందు గాని పసరు గాని లేదు, శస్త్రచికిత్సయే మార్గము. శుక్లము బాగుగ ముదురువఱకు వేచియుండ నక్కఱలేదు. మిక్కిలి ముదిరినచో కంటిలో ఒత్తిడి పెరిగి హాని కలుగవచ్చును. నీటికాసులనెడు వ్యాధి తఱచు నొప్పి లేకయే చూపును అంచులనుండి హరించును. పోయిన చూపు తిరిగిరాదు; ఉన్న చూపును నిత్యము మందు వాడి కాపాడుకొనవచ్చును. కావున నలువది దాటినవారు, అందును ఇంటిలో ఆ వ్యాధి యున్నవారు, పరీక్ష చేయించుకొనవలెను. మధుమేహము గలవారు చూపు బాగుగనే యున్నను ఏటేట కంటి లోపలి పొరను చూపించుకొనవలెను.

రైతు కుటుంబములు మఱువరానిది యొకటి గలదు. కోతలందును నూర్పిళ్ళందును వరిగింజయో, ఆకుకొసయో తగిలి కంటి నల్లగ్రుడ్డుపై గీత పడును. అందు బూజు క్రిములు చేరి పుండగును. అపుడు ఆకుపసరో, చనుబాలో, జిల్లేడు పాలో వేయుట కన్ను పోగొట్టుకొనుటకు దారి. మందుల దుకాణమున అడిగి తెచ్చు చుక్కలలో స్టిరాయిడ్ ఉండవచ్చును. అది యెఱ్ఱదనమును అణచి, నయమైనట్లు తోపించి, లోపల పుండును పెంచును. శుభ్రమైన నీటితో కడిగి, నలపక, వెంటనే నేత్రవైద్యుని చేరవలెను. ఆ పుండు మానిన పిమ్మట పువ్వు మిగిలినచో, చూపు దానమిచ్చిన కంటిపొరవలననే రావలసియుండవచ్చును. అట్టి దానము మరణానంతరము ఆఱు గంటలలోపల జరుగవలెను.

బిడ్డల విషయమున మెల్లకన్ను అదృష్టమనుట వట్టి మూఢత్వము. చిన్ననాడే చికిత్స జరుగనిచో ఆ కన్ను చూచుటయే నేర్వదు. కళ్ళజోడు పెట్టుకొన్నచో చూపు మఱింత చెడునను మాటయు నిజము కాదు. పసిబిడ్డ కంటిపాప తెల్లగ మెఱసినచో ఒక్కదినమైనను ఉపేక్షింపరాదు. అది ప్రాణాంతకమైన గడ్డ కావచ్చును. సెల్‌ఫోను ముఖమునకు చేరువగ పెట్టుకొని గంటలకొలది చూచు పిల్లలను దినమునకు రెండు గంటలైన ఆరుబయట ఆడనిచ్చుట హ్రస్వదృష్టి రాకను తగ్గించును.

భారతమున ధృతరాష్ట్రుని అంధత్వము పుట్టుకతో వచ్చినది. గాంధారి పతిభక్తిచే తన కన్నులకు తానే గంత కట్టుకొన్నది. ఆమెది వ్రతము. తెలిసికొనదగినది తెలిసికొనక కన్నులు పోగొట్టుకొనువారిది ఏ వ్రతము?

గ్రంథాలయము చేయదగినవి కొన్ని గలవు. గోడపై దృష్టిపట్టిక తగిలించి, ఇరువది అడుగుల దూరమున నేలపై గీత గీయవచ్చును. అక్షరములు రానివారు వ్రేళ్ళతో దిక్కు చూపు పట్టికయు గలదు. నెలకొకమాఱు నేత్రారోగ్య గ్రంథమును బిగ్గరగ చదివి వినిపింపవచ్చును. సమీప నేత్రకేంద్రము చిరునామాను, పరీక్షల దినములను ద్వారము చెంత వ్రాసి యుంచవచ్చును. మందిచ్చుట మాత్రము గ్రంథాలయము పని కాదు. దారి చూపుటయే దాని పని. ఇరువదియైదేండ్లు గ్రామమునకు అక్షరజ్ఞానము పంచిన యీ సంస్థ, ఆ అక్షరములను చూచు కన్నులను గూడ కాపాడుగాక. స్వస్తి.