మైనం దగ్గరే తప్పు చేద్దాం

(సంఘం సాంస్కృతిక సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

చిన్న వ్యాపారానికి కొత్తదనం ఎట్లా అలవాటవుతుందో చెప్పమన్నారు. కొత్తదనం అంటే పెద్ద చదువు, పెద్ద మిషను, పెద్ద లోను అని చాలామంది అనుకుంటారు. నేను మాత్రం జైనూర్ మండలం ఉషేగాం వైపు చూడమంటాను. అక్కడ ఓజా కుటుంబాలు డోక్రా బొమ్మలు చేస్తాయి.

ముందు మట్టితో లోపలి ఆకారం చేస్తారు. తేనెమైనాన్ని సన్నని దారాలుగా తీసి దాని మీద చుడతారు. కళ్లు, నగలు, గజ్జెలు అన్నీ ఆ మైనంతోనే. పైన మళ్లీ మట్టి పూసి, ఆరబెట్టి, కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి చేరుతుంది. చల్లారాక అచ్చు పగలగొడతారు. అందుకే ఏ రెండు బొమ్మలూ అచ్చు గుద్దినట్టు ఉండవు.

ఇందులో వ్యాపార సూత్రం ఒకటుంది. మైనం దగ్గర తప్పు జరిగితే తీసి మళ్లీ చుట్టొచ్చు. ఇత్తడి పోశాక తప్పు కనిపిస్తే లోహం, కట్టెలు, రోజుల కష్టం అన్నీ పోతాయి. కాబట్టి ప్రయోగమంతా మైనం దగ్గరే చెయ్యాలి. ఒకప్పుడు మన దేవతా రూపాలు, గంటలు, నగలు చేసిన చేతులే ఇప్పుడు పట్నం ఇళ్లకు దీపాలు, ఏనుగులు, నెమళ్లు చేస్తున్నాయి. పని అదే, కొనేవాడు మారాడు.

నా తప్పు కూడా చెబుతాను. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నారు. ఆశ్రమ పాఠశాలల పిల్లలకు కూడా అవి పోషకాహారంగా అందాయి. అది విని మేం ఐదుగురం జాతర కోసం ఒకేసారి 50 కిలోలు చేశాం. పువ్వు సరిగా ఆరలేదు. మూడో రోజుకే బూజు పట్టింది, దుకాణదారు వాపసు పంపాడు. మేం మైనం దశ దాటేసి నేరుగా ఇత్తడి పోశామన్నమాట!

మరుసటి ఏడు రెండు కిలోలే చేశాం. పువ్వు ఎన్ని రోజులు ఎండింది, బెల్లం ఎంత, పల్లీలు ఎంత, లడ్డూ ఎన్ని రోజులు నిలిచింది, తిన్నవాళ్లు ఏమన్నారు, అన్నీ నోటుబుక్కులో రాశాం. ప్రతిసారీ ఒక్కటే మార్చి చూశాం. ఇవాళ మా ఆస్తి ఆ నోటుబుక్కే. ఒకరు మానేసినా పని ఆగదు, నష్టం వచ్చినా ఐదుగురి మీద పంచుకుంటే ఎవరూ మునిగిపోరు.

2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కరీంనగర్ ఫిలిగ్రీ వెండి పనికి అంతకుముందే వచ్చింది. ఇతరులు ఆ పేర్లు వాడుకోకుండా చట్టం కాపాడుతుంది. కొత్త నమూనా మాత్రం చట్టం తెచ్చిపెట్టదు. మన పిల్లలు మైనం పట్టకపోతే చివరికి పేరొక్కటే మిగులుతుంది.

వచ్చే ఎండాకాలం తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. అప్పుడు ఏరి అంగట్లో అమ్మేసే ముందు రెండు కిలోలు పక్కన పెట్టండి. ఒక నోటుబుక్కు తీయండి. ఇంట్లో అవ్వను, కొనేవాళ్లను అడిగి రాయండి. తప్పు జరిగితే సిగ్గుపడకండి, మైనం ఇంకా మెత్తగానే ఉంది.

జై సేవా!